చప్పుడు లేని తొట్టి

పొడుగుదా, పొట్టిదా? రైలు ధర్మవరం స్టేషను వదిలి నిండా పది నిమిషాలు కాలేదు, అప్పుడే నాలుగోసారి నన్ను నేనే అడుగుతున్నాను. ఫోనులో రెండు బొమ్మలున్నాయి. ఒకటి మూరెడు పొడుగున్న గొట్టం, గాజులా తేటగా ఉంది, నిటారుగా నిలబడుతుంది. రెండోది అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, దాని మొహంలో ఏమీ కనపడదు. రెండూ కంప్యూటరు లోపల నీళ్లు నిలవ ఉండటానికే. రిజర్వాయరు అంటారు, నేను తొట్టి అంటాను. హిందూపురంలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్న యువరాజ్ రెండింటినీ బెంగళూరు నుంచి తెప్పించి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "అక్కా, నువ్వు రైలు దిగేలోపల ఏదో ఒకటి చెప్పల్ల. రెండోది మధ్యాన్నం బండికి వాపసు పంపల్ల" అన్నాడు పొద్దున ఫోనులో. గంటన్నర ప్రయాణం. గంటన్నరలో పెళ్లిచూపులే ముగిసిపోతాయి, ముష్టి తొట్టిని ఎంచుకోలేనా అనుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఎంచుకోలేకపోతున్నాను. ఈ తొట్టి సరిగ్గా కుదిరితే మా ఇంట్లో మగ్గం ఉంటుంది, కుదరకపోతే పోతుంది.

మా ఇంట్లో పనికి ఉన్నది ఒకటే గది, బండల మిద్దె. అందులో ఒక పక్క గుంతమగ్గం, నేలలో తీసిన గుంతలో కాళ్లు పెట్టుకుని నేసేది, మా ఆయన ఈశ్వరప్పది. ఇంకో పక్క బల్ల మీద నా కంప్యూటరు. నేను పట్టుచీరలకు డిజైన్లు వేస్తాను. వేయడంతో అయిపోదు, ఒక్క పోగు నేయకముందే ఆ చీర కట్టుకున్న మనిషి ఎలా ఉంటుందో, కుచ్చిళ్లలో జరీ ఎక్కడ మెరుస్తుందో, కొంగు భుజం మీది నుంచి ఎలా జారుతుందో బొమ్మ చేసి అంగళ్లవాళ్లకు పంపాలి. ఒక్కో బొమ్మకు కంప్యూటరు మూడు గంటలు కాలిపోతుంది. మా ఊరి ఎండ సంగతి చెప్పాలా, బండ మీద గుడ్డు పగలగొడితే వేగిపోయే ఊరు. అందుకని దానికి ఏడు ఫ్యాన్లు. అదే గదిలో మనుషులకు ఒక్కటి కూడా లేదు, గాలికి పట్టుపోగు ఎండి పుటుక్కున తెగుతుందని మగ్గం ఉన్నచోట ఫ్యాను వేసుకోము. "మనిషికి లేని వైభోగం నీ పెట్టెకు" అని మా ఆయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఏడు ఫ్యాన్లూ ఒకేసారి అందుకుంటే పోగు తెగేది వినపడదంటాడు. నేతపని సగం చెవితోనే అట, కన్ను తర్వాత చూస్తుందట. ఉగాదికి ముందు రెండు చీరల్లో ఎడమ అంచు పక్కన సన్నటి గీత పడింది, తెగిన పోగును చూసుకోకుండా నేసుకుంటూ పోయాడు. పెళ్లయిన ఈ పదిహేనేళ్లలో ఆయన నేతలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజే అన్నాడు, "ఈ వార్పు అయిపోతానే మగ్గం ఇప్పేస్తా. నీ పని బాగ నడుస్తాండాది, నడవనీ." వార్పు అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, ఒక్కదానికి మూడు చీరలు. రెండు దిగిపోయాయి. మూడోది కొంగు దాకా వచ్చింది.

ఒళ్లు మండిపోయింది నాకు. మగ్గం విప్పడమంటే ఏమిటి, ఆ మనిషిని విప్పి మూల పెట్టడమే. అది కూడా నా కంప్యూటరు కారణంగా! రేపు ఊళ్లో వాళ్లు ఏమంటారు, పెళ్లాం పెట్టెకు మొగుడి మగ్గం బలి అంటారు. ఆయన త్యాగరాజు, నేను గయ్యాళి. పోనీ కంప్యూటరు ముందరి గదిలో పెడదామా అంటే ముందరి గది అంటూ ఒకటి ఉంటే కదా, ఉన్నది వసారా, దుమ్ము, మధ్యాహ్నమంతా ఎండ. అందుకే ఈ నీళ్ల దారి పట్టాను. నెల రోజులు చదివాను, వీడియోలు చూశాను, యువరాజ్ ప్రాణం తీశాను. సంగతి తేలికే. నీళ్లు గొట్టాల్లో చుట్టూ తిరుగుతాయి, కాలే చోట వేడిని పట్టుకుపోతాయి, రేడియేటరులో దాన్ని వదిలేస్తాయి, తొట్టిలో కాసేపు ఆగుతాయి, తొట్టి కింద పంపు మళ్లీ తోస్తుంది. ఫ్యాన్లు ఉంటాయి కానీ మెల్లగా తిరుగుతాయి, ఉన్నట్టే తెలియదు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక మూల ఆయన నేస్తాడు, ఒక మూల నేను గీస్తాను, ఒకరికొకరం అడ్డం కాము.

మొదట్లో పెద్ద తప్పే చేశాను. "ఉండేటిలోకల్లా పెద్ద తొట్టి చూడు" అన్నాను యువరాజ్‌తో. పెద్దదైతే ఎక్కువ నీళ్లు, ఎక్కువ నీళ్లయితే ఎక్కువ చల్లదనం. నాకు అలాగే తోచింది, ముదిగుబ్బ పక్కన పల్లెలో పుట్టినదానికి ఇంకెలా తోస్తుంది? మా అవ్వ నీలావతి ఇంట్లో పడుకోవడానికి చోటు లేకపోయినా డ్రమ్ములు పెట్టేది. ట్యాంకరు వస్తే బిందెలు, చెంబులు, పప్పుగుత్తి పెట్టుకునే ముంత కూడా పట్టుకుని పరిగెత్తేవాళ్లం. నిండిన డ్రమ్ము మీద మూత పెట్టి, ఆ మూత మీద రాయి పెట్టి, అప్పుడు కూర్చునేది అవ్వ. నీళ్లు నిలవ ఉన్న ఇల్లే ఇల్లు ఆమెకు. నాయన గొర్రెలు తోలుకుని వచ్చేసరికి పొద్దు గుంకేది, ఆయన కాళ్లు కడుక్కోవడానికి ఒక చెంబుడు లెక్క, రెండో చెంబు అడిగితే అవ్వ కళ్లు పెద్దవి చేసేది. అలాంటి ఇంట్లో పెరిగి పెద్ద తొట్టి కావాలంటే యువరాజ్ నవ్వాడు. "తొట్టి పెద్దదైతే చల్లగ కాదక్కా, ఆ పని రేడియేటరుది. తొట్టి ఉండేది పంపుకు ఎప్పుడూ నీళ్లందేదానికి, గొట్టాల్లో గాలి బయటికి పోయేదానికి. అంతే. ఇంకోటి, మన బోరు నీళ్లు మాత్రం పోసేవు, ఆర్నెల్లకు లోపలంతా సున్నం కడతాది" అన్నాడు. సిగ్గేసింది. నెల రోజుల చదువూ ముంతలోకే పోయింది.

మరి చిన్నదే తీసుకోవచ్చు కదా. నల్ల డబ్బా అడుగున దళసరి రబ్బరు, పంపు అదురు కూడా పెట్టెకు తగలదు, నీళ్లు నీళ్లలోకే వచ్చి కలుస్తాయి కాబట్టి చుక్క చప్పుడు రాదు. ఒక్కటే ఇబ్బంది, లోపలి గాలి పోవడానికి నాలుగైదు రోజులు పెట్టెను అటూ ఇటూ వంచుతూ కూర్చోవాలి. పొడుగు గొట్టంలో గాలి ఒక్క పూటలో పోతుంది, కానీ నీళ్లు పైనుంచి పడతాయి, సన్నగా జలజలమంటూ ఉంటుంది. చప్పుడు వద్దనే కదా ఇంత తాపత్రయం, నల్ల డబ్బా అని చెప్పేస్తే అయిపోయింది. కానీ ఫోను తీసినప్పుడల్లా వేలు పొడుగుదాని మీదికే పోతోంది. పైనుంచి పడే నీళ్లు. రోజంతా. ఎవరూ తోడక్కరలేదు, ఎవరూ దాచక్కరలేదు, పడినవి పడినట్టే మళ్లీ పైకి వస్తాయి. కిటికీ బయట వేరుశెనగ పీకేసిన చేలు ఎర్రగా పడి ఉన్నాయి, వాటి మీదుగా ఆ గొట్టం కనపడుతోంది నాకు, అందులో లేత నీలం రంగు వేస్తాను, కాదు నీలం వద్దు, చిలకపచ్చ, అంచుకు నప్పేలా, అప్పుడు మా ఆయన మగ్గం మీద నుంచి తల ఎత్తి చూస్తాడు, గదంతా పచ్చటి నీడ ఆడుతూ ఉంటుంది, నీళ్లు పడుతూ ఉంటాయి, మగ్గం ఆడుతూ ఉంటుంది, నేను బొమ్మకు కొంగు జార్చుతూ ఉంటాను, ఆ కొంగు కూడా నీళ్లలాగే పడుతూ ఉంటుంది. కళ్లు మూతలు పడ్డాయి. రైలు మక్కాజిపల్లిలో ఆగిన కుదుపుకు తెరిచాను.

ఎదురు సీటులోకి ఒక పెద్దాయన రెండు గోతాలతో ఎక్కాడు. పట్టుగూళ్లు, హిందూపురం మార్కెట్టుకు. గూళ్ల వాసన రైలుపెట్టంతా కమ్ముకుంది, నాకది కొత్త కాదు. పేరు రంగప్ప అట, ఎక్కిన నిమిషంలో పేరు, ఊరు, ఎన్ని చాకీ పురుగులు పెంచాడో అంతా చెప్పేశాడు. తర్వాత నా ఫోనులోకి తొంగి చూశాడు.

"ఏమ్మా అది, సెలైను బాటిలా? ఇంట్ల ఎవరికన్నా బాగాలేదా?"

"కాదు మామా, కంప్యూటరుకు పెట్టేది. నీళ్లు పోస్తారు."

"కరెంటు దాంట్లో నీళ్లా! ఎవరు చెప్పిరి తల్లీ నీకు?"

నవ్వాను. ఎందుకో అంతా చెప్పాలనిపించింది, రైల్లో కలిసిన వాళ్లకు చెప్పినట్టు ఇంట్లో వాళ్లకు చెప్పలేం. ఫ్యాన్లు, మోత, మగ్గం విప్పేస్తాననడం, అన్నీ చెప్పాను. రంగప్ప గోతాం మీద చెయ్యి వేసుకుని విన్నాడు. లోపల పురుగు బతికే ఉంటుంది కదా, నిద్రపోతున్న పిల్లల మీద వేసినట్టు వేశాడు.

"మా చెల్లెలింట్ల మగ్గం ఉండాది, మీ ధర్మవరంలోనే. అది ఆడితే పక్కింటోల్ల గోడలు అదురుతాయి. నీ ఫ్యాను గాలి దాన్ని మింగేస్తాదామ్మా? నాకు నమ్మకం ల్యా" అన్నాడు.

"మగ్గం మోత వేరు మామా, పోగు తెగేది వేరు. అది సన్నగుంటాది. ఆయనకే తెలుస్తాది" అన్నాను. అని, కిటికీ వైపు తిరిగాను. రంగప్పకేం తెలుసు, పురుగులు మేపుకునే మనిషి. రంగేపల్లి వెళ్లిపోయింది. పెనుకొండ కొండ దూరంగా కనపడి, దగ్గరికి వచ్చి, పాత కోటగోడ రాళ్లు ఒక్కొక్కటే విడిగా కనపడేంత దగ్గరికి వచ్చింది. స్టేషనులో ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, వేరుశెనక్కాయలమ్మే ఆమె కేక ఒకటి రైలుపెట్టెలోకి వచ్చి వెళ్లిపోయింది. రైలు కదిలింది. నిజమే కదా, ఫ్యాన్లు మూడేళ్ల కిందట కూడా ఉన్నాయి. అంతకు ముందేడూ ఉన్నాయి. ఏడు ఫ్యాన్లూ ఉన్నాయి. అప్పుడు పోగు తెగితే చెయ్యి టక్కున ఆగేది, నేను గీస్తూ గీస్తూ మగ్గం ఆగిందే అని తల తిప్పేదాన్ని. అప్పుడు వినపడింది ఇప్పుడు ఎందుకు వినపడదు? ఫ్యాన్లు పాతబడి మోత పెరిగిందనుకో. పెరిగిందా? లేదు. ఒక రోజు, మొన్న, ఏ రోజది, మూడో చీర మొదలుపెట్టిన రోజు. కరెంటు పోయింది. ఏడు ఫ్యాన్లూ ఆగిపోయాయి. నేను మంచినీళ్లు తాగి గడపలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాను. ఆయన మగ్గానికి కరెంటుతో పనేముంది, నేస్తూనే ఉన్నాడు. జానెడు నేశాక వంగి చూసుకుని, "థూ, నీ పెట్టె మోతకు మళ్లా తెగిందే!" అన్నాడు. నేను కూడా, "అయితే నన్నేం చెయ్యమంటావు!" అని ఎదురు అరిచాను. పెట్టె ఆగిపోయి ఉంది. ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

అమ్మా! గదిలో చప్పుడే లేదు ఆ వేళ. ఆయనకు వినపడలేదు. ఆయనకు వినపడటం లేదు.

ఒకటి తెలిసిందంటే తక్కినవన్నీ పిలవకుండానే వస్తాయి. కుక్కరు పెట్టి బయటికి వెళితే, వచ్చాక "ఎన్ని కూతలేసింది?" అంటే ఎప్పుడూ మూడే అంటాడు. వీధిలో నడిచేటప్పుడు చటుక్కున అటు నుంచి ఇటు మారి నన్ను తన ఎడమవైపుకు తెచ్చుకుంటాడు, లారీలొస్తాయని నన్ను కాపాడుతున్నాడనుకున్నాను, ఆ పక్క చెవి కాస్త మేలేమో. ఫోను మోగితే జేబులోనే ఉంటుంది, ఎత్తడు, పనిలో ఉన్నా అంటాడు. ఇంకొకటి ఉంది, అది తలచుకుంటే ఏడుపు వస్తోంది, నవ్వూ వస్తోంది. రెండేళ్లుగా నేను ఏం మాట్లాడినా చేతిలో పని ఆపి నా మొహం చూస్తూ వింటున్నాడు. వదిన స్వాతి గమనించి, "ఏమే జ్యోతీ, పెండ్లయి పదిహేనేండ్లాయ, ఇంకా మీ ఆయప్ప నిన్ను కొత్తపెండ్లికూతుర్ని చూసినట్ల చూస్తాడే!" అని బుగ్గ గిల్లింది. నేను మురిసిపోయాను. రెండు రోజులు పూలు పెట్టుకున్నాను. ఆయన చూస్తున్నది నా పెదాలు ఎలా కదులుతున్నాయో. ఛీ, ఎంత పిచ్చిదాన్ని! ఎంత ఒంటరిగా ఉండి ఉంటాడు, పక్కనే నేనుండగా. పెళ్లికి ముందు పదేళ్లు బెంగళూరులో పవర్‌లూమ్ షెడ్డులో చేశాడు, నలభై మగ్గాలు ఒకే రేకుల కింద, పక్కవాడితో సైగలతోనే మాట్లాడేవాళ్లమని చెప్పేవాడు. ఆ షెడ్డే తినేసిందేమో చెవులను, మెల్లమెల్లగా. మగవాడు, నేతగాడు, చెవితో నేస్తానని పేరు తెచ్చుకున్నవాడు. చెప్పుకోలేక నా ఫ్యాన్ల మీద పెట్టాడు.

చాకర్లపల్లి. ఒక్క మనిషి దిగాడు, ఒక మేకను దింపుకున్నాడు. ఇప్పుడు తొట్టి మాటేమిటి? నల్ల డబ్బా తెచ్చి బిగిస్తే గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దంలో పోగు తెగుతుంది. ఆయన నేసుకుంటూ పోతాడు. గీత పడుతుంది. తిట్టడానికి ఫ్యాను ఉండదు. అప్పుడు తల ఎత్తి నన్ను చూస్తాడు. ఆ చూపును నేను తట్టుకోలేను. నేను నెల రోజులు కష్టపడి, ఆయన దాక్కున్న ఒక్క చాటునూ పీకేయడానికి హిందూపురం వెళుతున్నాను! అయితే పొడుగుదే తెస్తాను, జలజలమని వాగుతూ ఉంటుంది, దాన్ని తిట్టుకుంటాడు, పరువు నిలుస్తుంది. నిలిచి? మూడో చీర అయిపోతుంది, మగ్గం విప్పుతాడు, మగ్గం నిట్టాళ్లు, కొయ్యలన్నీ అటక మీదికి పోతాయి, గుంతకు బండ కప్పుతాం. ఆ బండ మీద కుర్చీ వేసుకుని రోజంతా ఆయన కూర్చుంటాడు. నేను ఎరగనట్టే ఉంటాను. ఇద్దరం మర్యాదగా అబద్ధమాడుకుంటూ ముసలివాళ్లమవుతాం. మలుగూరు చెట్లు వెనక్కి పోతున్నాయి, రైలు మోత, రంగప్ప గురక, గూళ్ల వాసన, ఇన్నింటి మధ్య నాకు ప్రతిదీ వినపడుతోంది, చక్రం చక్రం వినపడుతోంది, నా చెవులకేం తెగులు, గుండ్రాయిలా ఉన్నాయి, నా చెవులు ఆ గదిలోనే ఉన్నాయి, మగ్గానికి నాలుగడుగుల దూరంలో, పదిహేనేళ్లుగా ఉత్తగా ఉన్నాయి.

హిందూపురంలో దిగాను. రైలు వెళ్లిపోయేదాకా ఆగి, ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కిందికి నడిచి ఫోను చేశాను. మూడోసారికి ఎత్తాడు.

"ఆఁ? గట్టిగ చెప్పు. రైలు మోతకు ఏమీ ఇనపడ్డంల్యా."

"రైలు పాయ. ఈడ ఏ మోతా ల్యా."

"ఆఁ?"

ఇక గుట్టుగా చెప్పే దారే లేదు. మెల్లగా చెబితే ఆయనకు వినపడదు, ఆయనకు వినపడేలా చెబితే హిందూపురమంతా వింటుంది. కళ్లు మూసుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. "నీకు చెవులు ఇనపడ్డంల్యా! నాకు తెలిసిపాయ!"

గోతాలు ఎత్తుకుంటున్న రంగప్ప వాటిని మళ్లీ కింద పెట్టేశాడు. టీ అమ్మేవాడు, పోర్టర్లు, అందరూ ఇటే తిరిగారు.

"ఊరంతా ఇనేటట్ల అరుస్తాండావే" అన్నాడు ఫోనులో ఆయన.

"ఊరితో నాకేం పని. నీకు ఇనపడిందా లేదా?"

"ఇనపడె. ఎప్పుడు తెలిసె నీకు?"

"పెనుకొండ దాటినాక."

"మగ్గం ఇప్పినాక చెబుదామనుకుంటి" అన్నాడు. "అప్పుడైతే దాంతో పని ఉండదు గదా అని."

"మగ్గం ఇప్పేది ల్యా. చప్పుడు లేని తొట్టే తెస్తాండా. నీకోసరం కాదు, నాకోసరం. నువ్వు నెయ్యి, నేను ఇంటా. పోగు తెగితే నేను చెప్తా." అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, అరుస్తూనే ఉన్నాను. "ఇట్ల అరిచి చెప్తా!"

"నీకేం తెలుస్తాది? ఇన్నేండ్లు ఆ గదిలోనే ఉండావు, ఒక్కనాడన్నా ఇన్యావా పోగు తెగేది?"

వినలేదు. నిజం. నా చీరలు, నా కొంగులు, నా బొమ్మలు, ఇవే విన్నాను. "ల్యా" అని అరిచాను. "నేర్పు."

ఆయన మెల్లగా, నాకు కాకుండా తనకే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "తొక్కుడుచెక్క తొక్కినప్పుడు పోగులన్నీ ఒగటేసారి పైకి లేస్తాయి సూడు, అప్పుడు సన్నవాన పడినట్ల ఒక మోత వస్తాది. తెగితే టప్పని ఇనపడతాదనుకుంటారు అందరూ. అదేం ఇనపడదు. తెగిన పోగు ఏ చప్పుడూ చెయ్యదు. ఆ వానలో ఒక తావ సందు పడతాది. వెంట్రుకంత సందు. నువ్వు ఆ సందు ఇనాల. నేను రెండేండ్లాయ ఆ వాన ఇని."

నేను ఫోనును చెవికి నొక్కిపెట్టుకుని నిలబడ్డాను. ఏడుస్తున్నానని ఆయనకు వినపడదు కదా అని ఏడ్చేశాను.

"ఉండావా?" అన్నాడు.

"ఉండా!" అని అరిచాను.

"అయితే సాయంత్రం బండికి వచ్చెయ్. కొంగు ఆడికి ఆపినా. నువ్వొచ్చి కూర్చునేదంకా తొక్కను."